నీట మునిగిన గేరుసొప్ప

1941వ సంవత్సరం ఫిబ్రవరి 16వ తేదీ రాత్రి, ఐర్లండుకు నైరృతి దిక్కున సుమారు 300 మైళ్ళ దూరంలో, అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక సరకుల ఓడ మునిగిపోయినది. బొగ్గు మండించి ఆవిరితో నడిపే ఓడ అది. దాని పేరు ‘గైర్‌సొప్పా’. ఇంగ్లీషువారి నోట అలా వంకర తిరిగిన ఆ పేరు మన పొరుగున ఉన్న కన్నడదేశానిది; అసలు రూపం గేరుసొప్ప. ఎనభై మందికి పైగా మనుషులు, టన్నులకొద్దీ వెండి, తేయాకు, ఇనుము, వందలాది ఉత్తరాలు ఆ ఓడతో నీటిపాలైనాయి. ఏడు దశాబ్దాల తరువాత వెండి పైకి వచ్చినది. అప్పుడు ప్రపంచంలోని పత్రికలన్నీ ఆ వెండిని గురించి రాసినవి. మనుషులను గురించి రాసినది చాల తక్కువ. ఆ మనుషులలో అత్యధికులు అవిభక్త భారతదేశపు నావికులు. కాబట్టి వారిని మరువకుండా ఈ ఓడ కథను మొదటినుంచి ఒక క్రమంలో చెప్పుకొందాము.

మొదట పేరు. ఉత్తర కన్నడ జిల్లాలో, హొన్నావర తాలూకాలో, శరావతీనది ఒడ్డున ఉన్నది గేరుసొప్ప. ఇప్పుడు చిన్న ఊరే గాని, ఒకనాడు రాజధాని. పదహారవ శతాబ్దంలో చెన్నభైరాదేవి అనే జైనరాణి అక్కడినుంచి పాలించినది. ఆమె ఏలుబడి 1552 నుంచి 1606 వరకు, అంటే 54 సంవత్సరాలు సాగినది. మిరియాల వ్యాపారం ఆమె చేతిలో ఉండడం వల్ల పోర్చుగీసువారు ఆమెను ‘మిరియాల రాణి’ అని పిలిచేవారట. మనం జోగ్ జలపాతమని చెప్పుకొనే దానిని ఇంగ్లీషువారు ఈ ఊరి పేరు మీదనే వ్యవహరించేవారు. ఆ విధంగా ఆ పేరు దొరల చెవులకు పరిచితమైనది.

ఇక ఆ పేరు పెట్టినవారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అనే సంస్థను మన తీరప్రాంతపు పెద్దలు క్లుప్తంగా ‘బీఐ కంపెనీ’ అనేవారు. విలియం మెకిన్నన్ అనే స్కాట్లండు వర్తకుడు 1856లో కలకత్తా, బర్మాల నడుమ టపా చేరవేయడానికి ఒక కంపెనీ పెట్టినాడు. అది 1862లో ఈ పేరు మార్చుకొన్నది. 1914లో పీ అండ్ ఓ అనే మరింత పెద్ద సంస్థతో కలిసినది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవులనుంచి మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలవారు వేలాదిగా రంగానుకు కూలికి వెళ్ళిన రోజులలో, వారిని మోసుకుపోయిన ఓడలు చాలవరకు ఈ కంపెనీవే. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు కోరంగి రేవును బట్టి వచ్చినదే. కాబట్టి ఈ కంపెనీ తెలుగువారికి కొత్తది కాదు. తన ఓడలకు ఆకారాంతమైన పేర్లు పెట్టడం, అందులోనూ మన దేశపు ఊళ్ళ పేర్లు ఏరి పెట్టడం దాని ఆచారం. ఆ ఆచారం ప్రకారమే గేరుసొప్ప ఒక ఓడ పేరైనది.

ఓడ మాత్రం ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున, పామర్స్ అనే నిర్మాణశాలలో పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మను జలాంతర్గాములు ముంచిన ఓడల స్థానే కొత్తవి కావలసి, బ్రిటిషు ప్రభుత్వం ఒకే నమూనాలో సరకుల ఓడలు కట్టించ సాగినది. వాటి పేర్లన్నిటికీ ముందు ‘వార్’ అన్న మాట చేర్చేవారు. మన ఓడకు తొలుత అనుకొన్న పేరు ‘వార్ రోబక్’. రోబక్ అంటే ఒక జాతి మగలేడి. కట్టడం పూర్తి కాకముందే యుద్ధం ముగిసినది. 1919లో దానిని బీఐ కంపెనీ తీసుకొని గేరుసొప్ప అని నామకరణం చేసినది. సుమారు 400 అడుగుల పొడవు, 5,237 టన్నుల పరిమాణం. చూపులకు అందగత్తె కాదు. ఇరవై సంవత్సరాలకు పైగా రేవునుంచి రేవుకు మూటలు మోసిన గంగిరెద్దు వంటి ఓడ.

1940 డిసెంబరులో కలకత్తాలో ఆ ఓడకు సరకు ఎక్కించారు. మొత్తం సుమారు 7,000 టన్నులు. అందులో ముద్ద ఇనుము, తేయాకు, ఇతర సరకులతో పాటు వెండి కడ్డీలున్నాయి. మన దేశంలో ఉన్న తెల్ల సైనికులు, తేయాకు తోటల దొరలు, క్రైస్తవ మిషనరీలు తమ ఇళ్ళకు రాసుకొన్న ఉత్తరాల సంచులు కూడ ఉన్నాయి. మామూలు రోజులలో అయితే సూయజు కాలువ మీదుగా మధ్యధరా సముద్రంలో ప్రవేశించి ఇంగ్లండు చేరవలసినది. కాని 1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగినది మొదలు ఆ దారి వర్తకపు ఓడలకు మూసుకుపోయినది. అందుచేత ఆఫ్రికా ఖండమంతా చుట్టి, గుడ్‌హోప్ అగ్రం మీదుగా పోక తప్పలేదు. పడమటి ఆఫ్రికాలో సియెర్రా లియోన్ దేశపు ఫ్రీటౌన్ రేవులో ఓడలన్నీ గుంపుగా కూడి, అక్కడినుంచి కలిసి బయలుదేరేవి. అటువంటి గుంపును ‘కాన్వాయ్’ అంటారు. గేరుసొప్ప చేరిన కాన్వాయ్ పేరు ఎస్‌ఎల్ 64. అది 1941 జనవరి 30న ఫ్రీటౌన్ విడిచినది.

ఇప్పుడు ఓడలోని మనుషుల సంగతి. కెప్టెన్ జెరాల్డ్ హైలాండ్, ఇతర అధికారులు, ఫిరంగి పేల్చేవారు బ్రిటిషువారు. తక్కినవారందరు ‘లస్కర్లు’.

ఈ మాట దగ్గర కొంత ఆగాలి. పారసీకంలో ‘లష్కర్’ అంటే సేన, దండు. పోర్చుగీసువారి నోట పడి ఆ మాట తూర్పుదేశాల నావికుడికి పేరైనది. కృష్ణా గోదావరి డెల్టాలలో పుట్టిపెరిగినవారికి మాత్రం లస్కరు అంటే సముద్రం తట్టదు. కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే నీటిపారుదల శాఖ చిరుద్యోగి తలపుకు వస్తాడు. దండులోని మనిషి ఓడమీదికి ఎక్కి, అక్కడినుంచి కాలువగట్టుకు దిగాడన్నమాట. ‘సరంగు’ అన్న మాటదీ ఇదే దారి. గోదావరి మీద లాంచి నడిపేవానిని మనం సరంగు అంటాము. పెద్ద ఓడలలో లస్కర్లందరి మీద పెత్తనం చేసేవాడు సరంగు. అతని కింద టిండేలు. వంటవాడు భండారీ. ‘ఖలాసీ’ మాట మన రైల్వేలలో, రేవులలో నేటికీ వినబడుతూనే ఉన్నది. ఈ నావికుల మాటలన్నిటిని పోగుచేసి 1811లో కలకత్తాలో ఒక నిఘంటువు అచ్చువేసినవాడు థామస్ రోబక్ అనే సైనికాధికారి. మన ఓడకు మొదట తలపెట్టిన పేరులోని రోబక్ లేడిపిల్ల, ఈ నిఘంటుకర్త ఇంటిపేరు ఒక్కటి కావడం కేవలం కాకతాళీయమే అయినా, మాటలమీద మమకారం ఉన్నవారికి చెప్పకుండా దాటిపోలేకున్నాను.

రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిషు వర్తక నౌకలలో పనిచేసేవారిలో రమారమి నాలుగో వంతు లస్కర్లే. కలకత్తా రేవులో కుదిరేవారు ఎక్కువగా తూర్పు బెంగాలు పల్లెలవారు. సిల్హెట్, నోఆఖాలీ, చిట్టగాంగు ప్రాంతాలనుంచి వచ్చేవారు. ఆ ఊళ్ళు నేడు బంగ్లాదేశంలో ఉన్నాయి. ఓడలో ఉద్యోగం దొరకడానికి దళారికి ముడుపు చెల్లించడం, అందుకోసం అప్పు చేయడం, ఆ అప్పు తీరడానికి మళ్ళీ ఓడ ఎక్కడం వారి బతుకుతెరువు. తెల్లనావికుడికి ఇచ్చే జీతంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా వారికి ముట్టేది. 1939లో యుద్ధం ప్రకటించగానే ఎన్నో రేవులలో లస్కర్లు పని మాని కూర్చున్నారు. ప్రాణానికి ముప్పు పెరిగినప్పుడు కూలి కూడ పెరగాలని అడిగారు. అందుకు చాలమందిని చెరసాలలో పెట్టారు. చివరకు జీతాలు కొంత పెంచక తప్పలేదు గాని, తేడా తేడాగానే నిలిచినది.

ఆవిరి ఓడలో పని అంటే ఏమిటో ఈ తరంవారికి ఊహకు అందడం కష్టం. ఓడ అడుగుభాగంలో బొగ్గుకొట్లు. అక్కడినుంచి బొగ్గు తవ్వి, తోపుడుబండ్లలో కొలిమిదగ్గరకు తెచ్చేవారు కోయిలావాలాలు. కొలిమిలో ఎగదోసేవారు ఆగ్‌వాలాలు. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్ళీ నాలుగు గంటలు పని. రాత్రి అని లేదు, పగలని లేదు. ఎదుట మండే కొలిమి, కాళ్ళకింద ఊగే ఇనుపనేల, మీద సముద్రం. ఓడ పక్కకు గండిపడితే ముందుగా నీరు చేరేది వారి చోటికే. పైకి రావలసిన నిచ్చెనలు నిట్రమైనవి, ఇరుకైనవి.

ఈ బొగ్గే గేరుసొప్ప కొంప ముంచినది. కాన్వాయ్ వేగం గంటకు ఎనిమిది నాట్లు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు నడక. ఫిబ్రవరి రెండోవారంలో అట్లాంటిక్ మీద పెనుగాలి లేచినది. ఎదురుగాలిలో బరువు ఓడ అదే వేగం నిలుపుకోవాలంటే ఇంకా ఎక్కువ బొగ్గు కాల్చాలి. లెక్క చూసుకొంటే, కొట్లలో ఉన్న బొగ్గు ఇంగ్లండు దాకా సరిపోదని తేలినది. ఫిబ్రవరి 14న గేరుసొప్ప గుంపునుంచి విడిపోయి, బొగ్గు పొదుపు చేసుకొంటూ, తటస్థదేశమైన ఐర్లండులోని గాల్వే రేవు వైపు నెమ్మదిగా మళ్ళినది. మందనుంచి తప్పిన ఆవు సంగతి పల్లెటూరివారికి చెప్పనక్కరలేదు.

16వ తేదీన జర్మనుల విమానమొకటి ఆ ఓడ చుట్టూ తిరిగి వెళ్ళినది. దూరపు సముద్రాల మీద ఓడలను వెదకడానికి వాడే నాలుగు ఇంజన్ల ఫాకెవుల్ఫ్ కాండర్ అది. ఆ రాత్రి యూ-101 అనే జలాంతర్గామి ఓడను చేరినది. దాని నాయకుడు ఎర్నస్ట్ మెంగర్సెన్. వదిలిన టార్పీడో ఓడ కుడిప్రక్కను తాకినది. ఆ అదటుకు ముందరి స్తంభం కూలి, దానితో పాటు వైర్లెస్ తీగలు తెగిపోయినవి. అంటే, ‘మునిగిపోతున్నాము’ అని చుట్టుపక్కల ఓడలకు చెప్పుకొనే నోరు కూడ పోయినది. ఇరవై నిమిషాలలో గేరుసొప్ప కనుమరుగైనది.

మూడు పడవలు నీటిలోకి దిగినవి. వాటిలో రెండింటి సంగతి మళ్ళీ ఎవరికీ తెలియలేదు. మూడవది రెండవ అధికారి రిచర్డ్ ఆయర్స్ చేతికి చిక్కినది. ఆయనకు వయస్సు ముప్పై దాటినది అంతే. ఆ పడవలో ముప్పై మందికి పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది లస్కర్లు. తెరచాప ఎత్తి, తూర్పుదిక్కున ఉన్నదని తెలిసిన నేలవైపు పడవను నడిపించారు.

ఫిబ్రవరి నెల ఉత్తర అట్లాంటిక్ చలి ఎటువంటిదో మన ఉష్ణదేశంలో కూర్చుని చెప్పడం కష్టం. కొలిమి ముందు పనిచేసే మనిషి ఒంటిమీద ఉండేది పలుచని గుడ్డ. ఆ గుడ్డతోనే పడవలోకి దూకినవారు తడిసి, గాలికి కొయ్యబారిపోయారు. పడవలో కొద్ది బిస్కత్తులు, కొద్ది నీళ్ళు. ఎంత పొదుపుగా పంచినా వారం దాటేసరికి నీళ్ళు అయిపోయినవి. వాన పడితే గుడ్డలు తడిపి పిండుకోవడమే. చుట్టూ ఉన్నదంతా నీరే గాని నోట పోసుకోరాని నీరు. ఉప్పునీరు దాహం తీర్చకపోగా శరీరంలో ఉన్న నీటిని కూడ లాగివేస్తుంది, మతిని చెదరగొడుతుంది. ఒకరి తరువాత ఒకరు పోయారు. పోయినవారిని నీటిలోకి వదిలి, మిగిలినవారు ముందుకు సాగారు.

పదమూడో దినం, మార్చి 1న, నేల కనబడినది. ఇంగ్లండుకు దక్షిణపు కొసన, కార్న్‌వాల్ ప్రాంతంలో లిజర్డ్ అనే అగ్రం, దానిమీద దీపస్తంభం. అప్పటికి పడవలో ఊపిరితో ఉన్నవారు చేతివేళ్ళ మీద లెక్కించదగినంతమంది. ఆ తీరమంతా రాళ్ళమయం. కేర్తిలియన్ అనే చిన్న కయ్యలోకి వస్తూ ఉండగా కెరటం ఎత్తికొట్టి పడవను తలకిందులు చేసినది. గట్టుమీద ఉన్న బడిపిల్లలు చూసి పెద్దలను పిలిచారు. కావలివారు వచ్చి ఆయర్స్‌ను మాత్రం ప్రాణంతో ఒడ్డుకు లాగగలిగారు. తక్కినవారు, పదమూడు దినాలు సముద్రంతో పెనుగులాడినవారు, కాళ్ళకు నేల తగిలే చోట మరణించారు. మన భాషలో ‘గట్టెక్కడం’ అన్న మాటను ఎంత తేలికగా వాడుతాము! దాని అసలు అర్థం ఇటువంటి చోట తెలుస్తుంది.

ఎనభై మందికి పైగా ఉన్న ఓడలో బతికి బయటపడినవాడు ఆయర్స్ ఒక్కడే. తోటివారిని కాపాడడానికి చేసిన ప్రయత్నానికి ఆయనకు ఎంబీఈ బిరుదు, లాయిడ్స్ సంస్థవారి యుద్ధపతకం లభించినవి. అవి ఆయనకు న్యాయంగా దక్కవలసినవే. ఆయన కోలుకొని తిరిగి సముద్రం మీదికే వెళ్ళాడు. 1992లో కాలం చేశాడు. ఒడ్డుకు చేరిన దేహాలను లాండెవెడ్నాక్ అనే ఊరి చర్చి ఆవరణలో పూడ్చిపెట్టారు. అక్కడి తెల్లనావికుల రాళ్ళమీద పేర్లున్నాయి. లస్కర్ల పేర్లు చెప్పగలవారెవరూ లేకపోయిరి.

ఇప్పుడు వెండి కథ.

ఓడలోని వెండికి యుద్ధకాలపు భీమా ఉన్నది. భీమా సొమ్ము చెల్లించినది బ్రిటిషు ప్రభుత్వం. భీమా ధర్మం ప్రకారం, నష్టపోయిన వస్తువుకు పూర్తి వెల చెల్లించినవానికే, ఆ వస్తువు ఎప్పుడైనా దొరికితే, హక్కు చేరుతుంది. కాబట్టి సముద్రం అడుగున ఉన్న ఆ వెండి కాగితాలమీద బ్రిటిషు ప్రభుత్వానిదిగా డెబ్బై ఏళ్ళు నిలిచి ఉన్నది. 2010లో ఆ ప్రభుత్వం ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే అమెరికా కంపెనీతో ఒప్పందం చేసుకొన్నది. ఖర్చు, సాహసం కంపెనీవి. దొరికినదానిలో ఖర్చులు పోను 80 శాతం కంపెనీకి, మిగిలినది ప్రభుత్వానికి.

2011లో ఓడ జాడ దొరికినది. సుమారు 4,700 మీటర్ల లోతు. టైటానిక్ పడి ఉన్న లోతుకంటె సుమారు ఒక కిలోమీటరు ఎక్కువ. అక్కడ వెలుతురు లేదు. మనిషి దిగడానికి వీలు లేదు. పైనున్న నౌకనుంచి తీగతో వేలాడదీసిన యంత్రాలు చూసినవి, తవ్వినవి, ఎత్తినవి. ఓడ నిటారుగానే కూర్చుని ఉన్నది. టార్పీడో చేసిన గండి కనబడుతూనే ఉన్నది. ఆ వెదకులాటలోనే, అదే బీఐ కంపెనీకి చెందిన ‘మంటోలా’ అనే మరొక ఓడ కూడ బయటపడినది. అది 1917లో, మొదటి యుద్ధంలో మునిగినది. ఒకే యజమాని ఓడలు రెండు, రెండు యుద్ధాలలో, దాపుదాపు ఒకే సముద్రభాగంలో.

2012లో 1,218 కడ్డీలు పైకి తెచ్చారు. 2013లో మరి 1,574. వెరసి 2,792 కడ్డీలు. ఒక్కొక్కటి సుమారు 35 కిలోల బరువు. భీమా చేసినట్టు నమోదైన వెండిలో 99 శాతానికి పైగా దొరికినదని కంపెనీ ప్రకటించినది. మునిగిన ఓడనుంచి, అంత లోతునుంచి, అంత బరువు విలువైన లోహం ఎత్తడం అంతకు పూర్వం ఎన్నడూ జరగలేదు. 2014లో రాయల్ మింట్, అంటే బ్రిటిషు టంకశాల, ఆ వెండితో చిన్న నాణేలు ముద్రించి అమ్మినది. నాణెం అంచుమీద ఓడ పేరు చెక్కినది. మిరియాల రాణి రాజధాని పేరు ఆ విధంగా ఇంగ్లండు నాణేనికి ఎక్కినది.

వెండి తీస్తూ ఉండగా ఎవరూ ఎదురుచూడని సరకొకటి దొరికినది. ఉత్తరాలు. ఏడువందలకు పైగా. డెబ్బై సంవత్సరాలు సముద్రం అడుగున ఉండి కాగితం ఎలా మిగిలినది? కారణం అక్కడి పరిస్థితులే. వెలుతురు లేదు, చలి ఎక్కువ, ఇతర సరకుల కింద, బురదలో కూరుకుపోయిన సంచులకు ప్రాణవాయువు తగలలేదు, కాగితాన్ని తినే క్రిములు బతకలేదు. నిపుణులు ఒక్కొక్క పొర విడదీసి, ఆరబెట్టి, చదవదగినట్లు చేశారు. 2018లో లండనులోని పోస్టల్ మ్యూజియం వాటిని ప్రదర్శించినది. ‘నీటిమీది రాతలు’ అని మనం నిలవనివాటిని అంటాము. ఇవి నీటికింద నిలిచిన రాతలు.

వాటిలో ఒకటి ఒక సైనికుడు తన ప్రియురాలికి రాసినది. పెళ్ళి చేసుకొందామని అతడు అంతకుముందు అడిగితే, ఆమె సరేనని రాసినది. ఆ జవాబు చూసుకొని పట్టరాని సంతోషంతో అతడు తిరిగి రాసిన ఉత్తరం గేరుసొప్పలో ఎక్కినది. అది ఆమెకు అందలేదు. వారిద్దరి పెళ్ళీ జరగలేదు. ఆమె మరొకరి ఇల్లాలైనది. 2018లో, తొంభై తొమ్మిదేళ్ళ వయస్సులో, ఆ ఉత్తరంలోని మాటలు ఆమె విన్నది. కావ్యాలలో హంసలు, మేఘాలు, చిలుకలు సందేశాలు మోస్తాయి. ఏ కవీ ఓడను దూతగా పంపి, దానిని ముంచి, డెబ్బై ఏడేళ్ళ తరువాత సందేశం చేరవేయించలేదు.

ఈ ఉత్తరాలు చాలవరకు తెల్లవారివి. లస్కర్ల ఉత్తరాలు అందులో ఉండే అవకాశం తక్కువ, వారు ఇంటినుంచి వచ్చినది అప్పుడే గదా. పైగా వారిలో చదువు వచ్చినవారు కొద్దిమంది. కాబట్టి సముద్రం ఎంత జాగ్రత్తగా దాచినా, దాచడానికి వారిది అక్షరమైన వస్తువేదీ దాని చేతికి అందలేదు.

ఓడ మునిగితే అందులోని ధనం ఎవరిది అన్న ప్రశ్న మనదేశంలో కొత్తది కాదు. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో అక్కడ వేయించిన అభయశాసనం మనలో చాలమందికి తెలిసినదే. దాని సారాంశం ఇది: తుపానులో చిక్కి, దారి తప్పి, పగిలి, తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడలలోని సర్వస్వాన్ని పూర్వపురాజులు బలవంతంగా లాగుకొనేవారు, మేము మాత్రం దయతో, కీర్తికోసం, ధర్మంకోసం, నియమితమైన సుంకం తప్ప అంతా వారికే వదులుతున్నాము. ఇంతకంటె నన్ను ఆకర్షించినది, ఆ వర్తకులను గురించి చక్రవర్తి చేసిన వ్యాఖ్య. ప్రాణంకంటె ధనమే గొప్పదని తలచి సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్నవారు అని వారిని పేర్కొన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, జాలి ఉన్నది. నష్టపడినవాని సొమ్ము నష్టపడినవానికే చెందాలన్న న్యాయం ఉన్నది.

గేరుసొప్ప వెండి విషయంలోనూ ఆ న్యాయం తప్పలేదనే చెప్పాలి. యజమాని ఎవరో కాగితం చెప్పినది, యజమానికి వాటా ముట్టినది, శ్రమించినవానికి కూలి ముట్టినది. కాని మోటుపల్లి శాసనం ఓడ యజమానులను గురించి మాట్లాడుతుంది, ఓడ తోసేవారిని గురించి మాట్లాడదు. ప్రాణంకంటె ధనం గొప్పదని తలచి సముద్రం మీదికి వెళ్ళినవాడు వర్తకుడు. కొలిమిలో బొగ్గు తోసినవాడు అలా తలచలేదు. ఇంటి దగ్గర తిండి లేక, ప్రాణం నిలుపుకోవడానికి వెళ్ళినవాడు అతడు. అతని ప్రాణానికి అభయశాసనం ఏ రాజూ వేయించలేదు.

చనిపోయినవారి పేర్లు ఎక్కడా లేవని నేననడం లేదు. ఉన్నాయి, రెండు చోట్ల. లండనులో టవర్ హిల్ మీద వర్తక నావికుల స్మారకం ఉన్నది. దానిమీద కంచు పలకలపై ఓడల వారీగా పేర్లు పోతపోసి ఉన్నాయి. గేరుసొప్ప అన్న పేరు కింద బ్రిటిషు సిబ్బంది పేర్లు చదువుకోవచ్చు. లస్కర్ల పేర్లు ఆ గోడమీద లేవు. అవి ఒక పుస్తకంలో ఉన్నాయి. భారతీయ నౌకాదళానికి, వర్తక నౌకలకు చెంది ఆ యుద్ధంలో సముద్రం పాలైన ఆరువేలమందికి పైగా పేర్లు ఆ స్మారకగ్రంథంలో చేర్చి, ఒక ప్రతిని ముంబయిలోని నావికుల వసతిగృహంలో, ఇంకొక ప్రతిని చిట్టగాంగులోని యుద్ధశ్మశానంలో ఉంచారు. ఒకే పడవలో, ఒకే చలిలో, ఒకే గిన్నె నీళ్ళు పంచుకొని మరణించినవారు ఒక ఖండంలో గోడమీద కొందరు, వేరొక ఖండంలో పుస్తకంలో కొందరు. పడవలో లేని విభజన చిట్టాలో ఉన్నది.

కడ్డీల లెక్క చూడండి. నమోదైనవాటిలో నూటికి ఒకటి కూడ తగ్గకుండ తేల్చారు. దానికి కారణం వెండి విలువైనది కావడం మాత్రమే కాదు. కలకత్తా రేవులోనే ఎవరో ఒక గుమాస్తా శ్రద్ధగా పద్దు రాయడం. కాగితం సరిగా ఉంటే డెబ్బై ఏళ్ళకైనా, మూడు మైళ్ళ లోతునుంచైనా వస్తువు తిరిగి వస్తుంది. మనిషి తిరిగి రాడు. కాని అతని పేరు తిరిగి రావచ్చు. ఆ పేరును కూడ అంతే శ్రద్ధగా రాసి ఉంటే, కార్న్‌వాల్ చర్చి ఆవరణలో ఆ సమాధులు అనామకంగా మిగిలేవి కావు. చరిత్ర రాయడమంటే పెద్ద పెద్ద సిద్ధాంతాలు చేయడం కాదనీ, ముందుగా పద్దు సరిగా రాయడమనీ నాకు ఈ ఓడ కథ చదివినప్పుడు అనిపించినది.

నేడు కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థవారి జాబితాలను అంతర్జాలంలో ఎవరైనా వెదకవచ్చు. పేరుతో వెదకవచ్చు, ఓడను బట్టి వెదకవచ్చు. మన కోస్తా ఊళ్ళనుంచి రంగాను ఓడలలో, సరకుల ఓడలలో పనికి వెళ్ళి తిరిగి రానివారు ఎందరో ఉండే ఉంటారు. ‘తాతగారి తమ్ముడు ఓడెక్కి పోయాడట’ అన్న మాట కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ వినబడుతుంది. అటువంటి మాట మీ ఇంట్లో ఉంటే, ఊరు, పేరు, సంవత్సరం తెలిసినంతవరకు రాసి పెట్టండి. అలాగే లస్కరు, సరంగు, ఖలాసీ, టిండేలు అన్న మాటలు మీ ప్రాంతంలో ఏ అర్థంలో వాడుకలో ఉన్నవో తెలియజేస్తే సంతోషిస్తాను. నిఘంటువులలో లేని అర్థాలు మీ ఊళ్ళలో ఉండవచ్చు.

స్వస్తి.